మార్కులు రానోడికి నల్లకోటు

పదో తరగతి ఫలితాలొచ్చిన సాయంత్రమే తుంగతుర్తిలో పిల్లల బతుకుల పంపకాలు పూర్తవుతాయి. ఐదొందలు దాటినోడు ఇంజనీరు, ఇంకాస్త పైకెక్కిన పిల్ల డాక్టరు. అత్తెసరు మార్కులతో గట్టెక్కినోడి విషయంలో మాత్రం చుట్టాలందరిదీ ఒకటే మాట: "ఏం కాకపోతే ఎల్లెల్బీ చేపియ్యి బావా, వానికి నోరు మంచిగున్నది."

నోరు ఉండటమే న్యాయశాస్త్రానికి అర్హత అని మనవైపు ఎవరు తీర్మానించారో తెలియదు. ఆ పిల్లవాడు నిజంగానే లా కాలేజీలో చేరాడనుకోండి, సలహా ఇచ్చిన బావలే మళ్లీ వస్తారు, ఈసారి పరామర్శకు. "అయ్యో, మార్కులు తక్కువొచ్చినయా పాపం!"

ఈ పరామర్శకులకు ఒక సంగతి చెప్పాలి. లా అడ్మిషన్‌లో పదో తరగతి మెమో అడుగుతారు, కాదనను. పుట్టిన తేదీ చూసుకోవడానికి! మార్కుల గడి వైపు ఎవరూ కన్నెత్తరు. బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం ఐదేళ్ల కోర్సుకు ఇంటర్లో, మూడేళ్ల కోర్సుకు డిగ్రీలో 45 శాతం ఉంటే చాలు. ఓబీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40. లాసెట్‌లో 120 మార్కులకు 42 వస్తే అర్హుడే. అంటే 35 శాతం, మనవాడికి టెన్త్ నుంచీ పాత చుట్టమే. ఎస్సీ, ఎస్టీలకు ఆ గీత కూడా లేదు. పట్టా చేతికొచ్చాక రాసే ఆలిండియా బార్ పరీక్షలోనైతే చట్టాల పుస్తకాలు పక్కనే పెట్టుకోవచ్చు.

ఇంత తేలికా అని ఎకసెక్కమాడేవాళ్ల మాటలో సగం నిజముంది. హాజరు పట్టీలో తప్ప క్లాసులో ఎన్నడూ కనిపించని విద్యార్థులు ఈ దారినే వచ్చారు. కారు అద్దం మీద 'అడ్వకేట్' స్టిక్కరు అతికించుకొని, కొర్లపహాడ్ టోల్‌గేటు దగ్గర తప్ప మరెక్కడా వాదించని వకీళ్లూ ఈ దారినే వచ్చారు. ఒప్పుకుంటాను.

కానీ ఎకసెక్కమాడే ఆ పెద్దమనిషి ఇంట్లో బీరువా ఒక్కసారి తెరవండి. సాదాబైనామా కాగితం, ధరణిలో తప్పుపడ్డ సర్వే నంబరు, ఎస్సారెస్పీ కాలువ కింద పోయిన ఎకరానికి రావాల్సిన పరిహారం, తమ్ముడితో గెట్టు పంచాయితీ, అన్నీ ఒకే ప్లాస్టిక్ కవర్లో ఉంటాయి. ధరణిని తెచ్చిన 2020 చట్టం రెవెన్యూ కోర్టులను ఎత్తేశాక ఆర్డీవో దగ్గర తేలే తగాదాలు కూడా సివిల్ కోర్టు బాట పట్టాయి. 2025లో ధరణి స్థానంలో భూభారతి వచ్చి అధికారుల దగ్గర అప్పీలుకు మళ్లీ తలుపు తీసింది. పోర్టళ్లు మారాయి, పాసుబుక్కుల రంగులు మారాయి. కవరు చంకన పెట్టుకొని సూర్యాపేటలో వకీలు ఇంటి ముందు నిలబడటం మాత్రం మారలేదు. అక్కడ నిలబడి "సార్, మీకు టెన్త్‌ల ఎన్నొచ్చినయి?" అని అడిగిన క్లయింటును నేనింతవరకు చూడలేదు.

రెండో రకం వాళ్లున్నారు, ఓదార్చేవాళ్లు. స్కూలు వార్షికోత్సవాల్లో మైకు పట్టుకొని "గాంధీజీకి మాత్రం మార్కులొచ్చినయా?" అంటారు. రాలేదు. 1887 మెట్రిక్యులేషన్‌లో 625కి 247న్నర. అంతవరకు చెప్పి ఆపేస్తారు, తక్కువ మార్కులే ఆయన్ని మహాత్ముణ్ని చేసినట్టు! లండన్లో రోమన్ లాను పట్టుబట్టి లాటిన్‌లోనే చదివాడని చెప్పరు. 1891లో బారిస్టరై తిరిగొచ్చాక, బొంబాయిలో మొదటి కేసులో సాక్షిని ఒక్క ప్రశ్న అడగలేక కూర్చుండిపోయాడని, ముప్పై రూపాయల ఫీజు వెనక్కిచ్చేశాడని చెప్పరు. దక్షిణాఫ్రికాలో దాదా అబ్దుల్లా కేసు కాగితాల్లో 'పి. నోట్' అని కనిపిస్తే అదేమిటో ఆ బారిస్టరుకు అంతుబట్టలేదు, గుమాస్తాను అడిగి తెలుసుకున్నాడు. ప్రామిసరీ నోటు! మిత్తికి పైసలు తెచ్చిన ఏ ఇంట్లోనైనా, తుంగతుర్తిలో మూడో తరగతి పిల్లవాడు చెప్పేవాడు. గాంధీ ఆ తర్వాత బుక్ కీపింగ్ పుస్తకం కొనుక్కొని కూర్చొని చదివాడు. ఆ పుస్తకం ఊసు ఏ వక్తా ఎత్తడు. దానికి చప్పట్లు పడవు మరి.

అసలు వడపోత మార్కుల దగ్గర లేదు, ఆ తర్వాతుంది. వకీలుగా నమోదై సన్నదు తీసుకోవడానికే రాష్ట్రాల బార్ కౌన్సిళ్లు వేలకు వేలు గుంజుతుంటే, 2024 జూలై 30న సుప్రీంకోర్టు అడ్డుపడింది. జనరల్ వాళ్ల దగ్గర 750, ఎస్సీ ఎస్టీల దగ్గర 125 రూపాయలకు మించి తీసుకోవద్దంది. మంచిదే. మరి సన్నదు వచ్చిన మర్నాటి నుంచి? పొద్దున్నే బస్సెక్కి సూర్యాపేట కోర్టుకు పోవాలి. సీనియర్ ఫైళ్లు మోయాలి, వాయిదా తేదీలు డైరీలో ఎక్కించాలి, "మా సార్ వేరే కోర్టులో ఉన్నారు, పాసోవర్ ఇప్పించండి" అని జడ్జి ముందు వేడుకోవాలి. సాయంత్రం సార్ మనసు బాగుంటే బస్సు కిరాయి దొరుకుతుంది. ఇలా మూడేళ్లో నాలుగేళ్లో గడవాలంటే ఇంటి నుంచి బియ్యం రావాలి. బియ్యం వచ్చేవాడు 35 శాతం మార్కులతోనూ నిలదొక్కుకుంటాడు. రానివాడు టెన్త్‌లో 580 తెచ్చుకున్నా, రెండో ఏడు నల్లకోటు మడిచిపెట్టి ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీలో వసూళ్లకు తిరుగుతాడు. పరామర్శకు రావాల్సింది అప్పుడు. అప్పుడు మాత్రం ఏ బావా రాడు.

2024 అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఒక సర్క్యులర్ పంపింది. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 ఇవ్వమంది. ఇచ్చి తీరాలని కాదు, సిఫారసు మాత్రమే. పోనీ కోర్టుకెళ్లి అమలు చేయించుకుందామా అంటే, వకాలత్‌నామా మీద మొదటి పేరు మళ్లీ సీనియర్‌గారిదే.