గురివింద నగరం

నల్లవాళ్ళను తమ ఊరికి రప్పించుకోవడానికి ప్రపంచంలో కొన్ని నగరాలు పడే పాట్లు చూస్తే జాలేస్తుంది. అట్లాంటా తన మేయర్లను, పాటగాళ్ళను, కాలేజీలను చూపించి నల్లవాళ్ళ కాశీని నేనేనంటుంది. న్యూ ఆర్లియన్స్ ఏటా జూలై మొదట్లో ఎసెన్స్ ఉత్సవమని ఊరంతా పందిరి వేస్తుంది. ఘనా అయితే 2019ని 'తిరిగివచ్చే ఏడాది'గా ప్రకటించింది. 1619లో ఆఫ్రికన్లను వర్జీనియా ఒడ్డున బానిసలుగా దించి నాలుగు వందల ఏళ్ళయిన సందర్భం అది. వాళ్ళ మనవలకు మనవలను పిలిచి కూర్చోబెట్టి, ఆ నవంబరులో 126 మంది చేతుల్లో పౌరసత్వం కూడా పెట్టింది.

ఎందుకండీ ఇంత ఖర్చు? ఒక్క అధికారిని గ్రేటర్ నోయిడా పంపితే గుట్టు తెలిసిపోయేది. ఇక్కడ పండగ చెయ్యరు, పందిరి వెయ్యరు. పౌరసత్వం మాట దేవుడెరుగు, అద్దెకు గది ఇవ్వడమే గగనం. అయినా నైజీరియా, కాంగో, టాంజానియా, సూడాన్, జింబాబ్వే పిల్లలు పెట్టెలు సర్దుకుని వస్తూనే ఉంటారు. కిటుకేమిటంటే, రమ్మనడం ఒకరి పని, ఉండనివ్వడం ఇంకొకరి పని. మొదటివాళ్ళకు జీతాలున్నాయి, టార్గెట్లున్నాయి, కమీషన్లున్నాయి. రెండోవాళ్ళను ఇంతవరకూ ఎవరూ నియమించలేదు.

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గ్రేటర్ నోయిడా 1991లో ఢిల్లీ పక్కన కాగితం మీద పుట్టిన ఊరు. ఆవాల చేలల్లో గీతలు గీసి ఆల్ఫా, బీటా, గామా, డెల్టా, ఒమిక్రాన్ అని సెక్టార్లకు గ్రీకు అక్షరాలు తగిలించారు. చదువుల కోసం నాలెడ్జ్ పార్కులు వేశారు. శారదా, గల్గోటియాస్, నోయిడా ఇంటర్నేషనల్, గౌతమ బుద్ధ అని విశ్వవిద్యాలయాలు వరసగా లేచాయి. పరీ చౌక్‌లో రెక్కల దేవకన్యలను నిలబెట్టారు. అప్పుడు ఊరికి ఒక్కటే వెలితి మిగిలింది: ఇది అంతర్జాతీయ నగరమని చెప్పుకోవడానికి అంతర్జాతీయ మనిషి కావాలి.

అతను మొదట దొరికింది బ్రోషర్ అట్ట మీద. ఈ ప్రాంతపు కాలేజీల బ్రోషర్లు నాలుగు ముందేసుకుని చూడండి. పచ్చిక మీద నలుగురైదుగురు పిల్లలు కూర్చుని ఉంటారు, మధ్యలో ఒక ఆఫ్రికన్ కుర్రాడు పుస్తకం పట్టుకుని పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతుంటాడు. వెనక పేజీలో జెండాలు. ఆ వెనక ఫీజుల పట్టిక, అది మాత్రం డాలర్లలో. సంవత్సరానికో రోజు అంతర్జాతీయ దినోత్సవం జరుగుతుంది. ఆ రోజు ఆఫ్రికా పిల్లలు డోలు కొట్టి ఆడాలి. లాగోస్‌లో పదో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగి అకౌంటెన్సీ చదువుకుందామని వచ్చిన పిల్లకు డోలు ముట్టుకున్న పాపం ఉండదు. పాపం, యూట్యూబ్‌లో చూసి నేర్చుకుంటుంది. ముందు వరస సోఫాలో పెద్దలు చప్పట్లు కొడతారు. యాభై నాలుగు దేశాలకూ కలిపి పది నిమిషాల ఐటం. నల్ల సంస్కృతికి నగరం చేసే సేవ అక్కడితో సమాప్తం.

అదే పిల్ల సాయంత్రం గేటు దాటి జగత్ ఫార్మ్ బజారుకు బయల్దేరితే ఆటోవాడు మూడింతలు అడుగుతాడు. కుర్రాళ్ళు సెల్ఫీ అడుగుతారు. సెల్ఫీ అయ్యాక ఆ ఫొటో కింద ఏం రాస్తారో ఆమెకు హిందీ రాకపోవడం వల్ల తెలియదు, అదొక అదృష్టం. ఇల్లు వెతుక్కుంటే బ్రోకర్ ఫోన్‌లో యజమానిని ముందే అడుగుతాడు, "సార్, ఆఫ్రికన్ హై, చలేగా?" అని. చలేగా అన్నచోట అద్దె పెరుగుతుంది, డిపాజిట్ పెరుగుతుంది, ఇరవై నాలుగు గంటల్లో నింపాల్సిన విదేశీయుల వివరాల ఫారం మాత్రం యజమాని బద్ధకం మీద ఆధారపడుతుంది. రేపు పోలీసులు వచ్చి అడిగితే దోషం ఆ పిల్లదే.

వంట సంగతి చెప్పనక్కర్లేదు. ఎండుచేప వేసి ఎగూసీ పులుసు కాచారంటే కాలనీ సంఘం వాట్సాప్‌లో గగ్గోలు. మా మచిలీపట్నంవాళ్ళ ఇంట్లో ఎండు నెత్తళ్ళు వేగినప్పుడూ ఇదే గగ్గోలు లేచింది లెండి. కాకపోతే మమ్మల్ని 'మద్రాసీ' అని వదిలేశారు.

ఇక 2017 మార్చి. ఎన్‌ఎస్‌జీ బ్లాక్ క్యాట్స్ ఎన్‌క్లేవ్‌లో పన్నెండో తరగతి చదివే ఒక కుర్రాడు శుక్రవారం రాత్రి కనిపించకుండా పోయాడు. మరునాడు ఇంటికొచ్చాడు, ఒంట్లో బాగాలేదు, ఆసుపత్రిలో చనిపోయాడు. మాదకద్రవ్యాలు ఎక్కువై ఉంటాయని అనుమానం. ఒక తల్లి కడుపుకోత అది, దాన్ని వెటకారం చేసేవాడు మనిషి కాడు. ఆ దుఃఖాన్ని ఊరు ఏం చేసిందన్నదే నా గొడవ. కుర్రాడు ఇంకా ఇంటికి రాకముందే, పొరుగున ఉన్న నైజీరియన్ విద్యార్థులు అతన్ని తినేశారని పుకారు పుట్టింది. జనం వాళ్ళింట్లోకి జొరబడ్డారు. ఫ్రిజ్ కూడా తెరిచి వెతికారని పత్రికలు రాశాయి.

ఆ ఫ్రిజ్ దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. దాన్ని తెరిచినవాడు నిరక్షరాస్యుడై ఉంటాడని అనుకోకండి. విద్యాలయాల మధ్య సొంత ఇల్లున్నవాడు, పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో చదివించుకునేవాడు. చెయ్యి పిడి మీద వేసినప్పుడు లోపల ఏం కనబడుతుందని అతను ఊహించాడు? కనబడింది బహుశా సగం ఉల్లిపాయ, పాల ప్యాకెట్టు, నిన్నటి అన్నం అయి ఉంటుంది. విద్యార్థుల ఫ్రిజ్‌లో ఇంకేం ఉంటాయి? అది చూశాకైనా సిగ్గుపడ్డాడా? లేదు. అయిదుగురు నైజీరియన్లను పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. సాక్ష్యం ఏమీ లేక పోలీసులు వదిలేశారు. వదిలేయడమే నేరమైంది. మార్చి 27 సోమవారం పరీ చౌక్‌కు కొవ్వొత్తులు పట్టుకుని ఊరేగింపు వచ్చింది. చీకటి పడేసరికి కొవ్వొత్తులు కర్రలయ్యాయి. దారినపోయే ఆఫ్రికన్లను వెతికి కొట్టారు. అన్సల్ ప్లాజా మాల్‌లో ఇద్దరు నైజీరియన్ అన్నదమ్ములను కుర్చీలతో, ఉక్కు చెత్తబుట్టలతో చితకబాదారు. చుట్టూ ఉన్నవాళ్ళు ఊరుకోలేదు, ఫోన్లు తీసి చక్కగా వీడియో తీశారు. ఆ వీడియో ప్రపంచమంతా చూసింది. గ్రేటర్ నోయిడాకు డబ్బు పెట్టకుండా దొరికిన మొదటి అంతర్జాతీయ ప్రచారం అదే.

విద్యార్థులకు మిగిలిన భద్రతా సూత్రం: ఇళ్ళలోంచి బయటికి రాకండి.

సంస్కృతి అంటే గుర్తొచ్చింది. ఈ జిల్లా, అంటే గౌతమ బుద్ధ నగర్, ఎంపీ మహేశ్ శర్మగారు అప్పుడు కేంద్ర సాంస్కృతిక, పర్యాటక శాఖల మంత్రి. అంతకు ముందు ఏడాది, 2016 మేలో, ఢిల్లీ వసంత్ కుంజ్‌లో ఆటో విషయంలో మాటామాటా పెరిగి ఒక కాంగో యువకుణ్ణి కొట్టి చంపితే, ఆఫ్రికాలో మాత్రం భద్రత ఉందా అన్నట్టు ఆయన వ్యాఖ్యానించారు. పర్యాటక మంత్రి నోట ఇంతకన్నా చల్లని స్వాగతం ఏముంటుంది? అదే నెలలో ఢిల్లీ ఛత్తర్‌పుర్‌లో ఆఫ్రికన్ల మీద దాడులు జరిగినప్పుడు విదేశాంగ సహాయ మంత్రి వి.కె. సింగ్ అది చిన్న తగవేనని, మీడియా పెద్దది చేస్తోందని ట్వీట్ చేశారు. గ్రేటర్ నోయిడా తరవాత ఆఫ్రికా రాయబారులంతా ఒక్కటై ఇది జాతివివక్షేనని ప్రకటన ఇస్తే, విచారణ తేలకుండా ఆ మాట అనకూడదని విదేశాంగ మంత్రి సుష్మా స్వరాజ్ పార్లమెంటులో చెప్పారు. ఏడాది తిరిగాక, 2018 ఏప్రిల్‌లో, ఆవిడ చేతుల మీదుగానే 'స్టడీ ఇన్ ఇండియా' వెబ్‌సైటు ప్రారంభమైంది. 2023కల్లా రెండు లక్షల మంది విదేశీ విద్యార్థులు కావాలని లక్ష్యం. నేను ముందే చెప్పానుగా, రమ్మనే శాఖకు టార్గెట్లుంటాయని.

మాదకద్రవ్యాల మాట దాటవేస్తున్నానని అనుకోకండి. 2023 మేలో గ్రేటర్ నోయిడాలో ఒక ఇంట్లో మెత్ తయారీ పట్టుబడింది, ఆఫ్రికన్లు అరెస్టయ్యారు. చేసినవాడు జైల్లో ఉండాల్సిందే. కాని మరుసటి ఏడాది అక్టోబరులో కాస్నా పారిశ్రామిక వాడలో అలాంటిదే ఇంకొకటి పట్టుబడింది, దాదాపు 95 కిలోల సరుకు. అందులో దొరికినవాళ్ళలో తిహార్ జైలు వార్డెన్ ఒకడు, ఢిల్లీ వ్యాపారి ఒకడు. ఆ రాత్రి జైలు వార్డెన్ల ఫ్రిజ్‌లు ఎవరూ తెరవలేదు. ఢిల్లీ వ్యాపారులకు ఇల్లు అద్దెకివ్వబోమని ఏ కాలనీలోనూ బోర్డు పెట్టలేదు.

ఇంతవరకూ చదివి, ఈ ఉత్తరాదివాళ్ళు ఇంతేనండీ అని తృప్తిగా తల ఊపుతున్న తెలుగు పాఠకా, నీ దగ్గరికే వస్తున్నాను.

ఆ పరీ చౌక్ గొడవ మీదే 2017 ఏప్రిల్‌లో అల్‌జజీరా చర్చలో మాజీ ఎంపీ తరుణ్ విజయ్ ఒక వాదన చేశారు. మాకు జాతివివక్షే ఉంటే తమిళులు, మలయాళీలు, కన్నడిగులు, ఆంధ్రులతో ఎలా కలిసి బతుకుతున్నాం, మా చుట్టూ నల్లవాళ్ళు లేరా అన్నది దాని సారం. అంటే మనల్ని భరించడమే వారి ఔదార్యానికి రుజువు. మండిపడాల్సిన మాటే, దక్షిణాది మండిపడింది కూడా, ఆయన క్షమాపణ చెప్పుకున్నారు. కాని ఆ మంటలో ఒక పాయ వాసన చూడండి: మమ్మల్ని పట్టుకుని నల్లవాళ్ళంటాడా! పరీ చౌక్‌లో దెబ్బలు తిన్నవాళ్ళ సరసన మన పేరు వచ్చిందన్నదే మన మంట. వాళ్ళ వీపు మీద వాతలు తరవాతి సంగతి. గురివింద తన కింది నలుపు ఎరగదట. ఆ సామెతలోనూ నలుపే తప్పు, గమనించారా?

పిల్ల 'రంగు తక్కువ' అని సంబంధం వెనక్కి తిప్పే జాతి మనది. నలుపు నారాయణుడు మెచ్చు అని ఓదారుస్తాం, నారాయణుడు మెచ్చుతాడు సరే, పెళ్ళికొడుకు తల్లి మెచ్చాలిగా. ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, పెళ్ళి ప్రకటనలు ఇంకా మార్చుకోలేదు.

హైదరాబాద్‌లో మాసబ్ ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది. ఏసీ అంటే చల్లగాలి మిషన్ కాదు, ఆఫ్రికన్ కావల్రీ. వనపర్తి సంస్థానం నుంచి నిజాం కొలువుకు చేరిన ఆఫ్రికన్ అశ్వదళం అక్కడ కాపురముండేది, వాళ్ళ వారసులు ఇప్పటికీ ఉన్నారు. పెళ్ళి బరాత్‌లో మర్ఫా మోగితే మనం చొక్కా తడిసేదాకా ఆడతాం. ఆ దరువు సిద్దీలు, అరబ్బులు పెట్టిన భిక్ష. దరువు మనదైపోయింది, మనిషి మాత్రం 'వాళ్ళు'గానే మిగిలాడు. 2016లో బంజారాహిల్స్‌లో కారు పార్కింగ్ దగ్గర తగువు వస్తే ఒక నైజీరియన్ విద్యార్థి తల ఇనపరాడ్డుతో పగలగొట్టింది మన ఊళ్ళోనే, ఏ పరీ చౌక్ గుంపూ రైలెక్కి రాలేదు.

2017 ఫిబ్రవరి 22 గుర్తుందా? కాన్సస్ రాష్ట్రం ఒలేతేలో కూచిభొట్ల శ్రీనివాస్‌ను, నా దేశం నుంచి పొమ్మని అరిచి ఒకడు కాల్చి చంపాడు. బయట తెలుగు మాట్లాడకండని అక్కడి మనవాళ్ళే ఒకరికొకరు జాగ్రత్తలు పంపుకున్నారు. ఇది జాతి ద్వేషమేనని అమెరికా ఒప్పుకోవాలని మనం గొంతు చించుకున్నాం, న్యాయమే. కాన్సస్ గవర్నర్ మార్చి 16ను భారతీయ అమెరికన్ల గౌరవ దినంగా ప్రకటించాడు. హంతకుడు విద్వేష నేరం ఒప్పుకుని 2018లో యావజ్జీవం పడ్డాడు. ఆ గౌరవ దినం గడిచిన పదకొండు రోజులకు పరీ చౌక్‌లో కొవ్వొత్తులు వెలిగాయి. ఒలేతేకు చేతులెత్తిన తెలుగు సంఘాలేవీ అటు తిరిగి చూసినట్టు నేనెరగను.

మా సెక్టార్‌లో ఒక తెలుగు పెద్దాయన ఉన్నారు. కేంద్ర ప్రభుత్వ సంస్థలో రిటైరయ్యారు, రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు, మంచి మనిషి, కార్తీకమాసం వనభోజనాలకు వంటవాణ్ణి కుదిర్చేది ఆయనే. మొన్న పలకరించాను.

"పై వాటా ఖాళీ అయిందట కదండీ?"

"అయిందండీ. మనవాళ్ళెవరైనా ఉంటే చెబుదురూ."

"ఉగాండా పిల్లలిద్దరు వెతుక్కుంటున్నారు. ఫార్మసీ చదువుతున్నారు, ఆడపిల్లలు, బుద్ధిమంతులు."

ఆయన గేటు వైపు ఓసారి చూశారు. "నాకేం లేదండీ. చుట్టుపక్కలవాళ్ళు ఊరుకోరు. రేపేదైనా అయితే..."

"పోనీలెండి. అబ్బాయి డల్లాస్‌లో బాగున్నాడా?"

"ఏం బాగండీ! ఇల్లు కొనుక్కున్నాడు, పన్ను కడుతున్నాడు. మీవాళ్ళు ఎక్కువైపోయారు, వంటల వాసనలు భరించలేకపోతున్నాం అంటున్నారట అక్కడ. చదువుకున్న దేశమేనా అది?"

కాసేపు ఆ దేశాన్ని ఇద్దరం తిట్టుకున్నాం. వెళ్ళబోతూ, మరి ఉగాండా పిల్లలకు ఏమని చెప్పమంటారు అని అడిగాను. పెద్దాయన చెప్పు కాలికి తొడుక్కుంటూ ఆలోచించారు.

"అయిదు వేలు ఎక్కువిస్తారేమో కనుక్కోండి."