టీ-టూ క్వార్టర్‌కు నాలుగు చక్రాలు

సింగరేణి బొగ్గుబాయిల్లో పని చేసి దిగిపోయినవాళ్లు ఏం చేయాలన్నది ఎప్పుడో తేలిపోయింది. మంచిర్యాలలోనో కరీంనగర్‌లోనో కొన్న ప్లాటులో ఇల్లు లేపాలి. ఆ ఇంటికి మార్బుల్ వేయించి, దానిమీద జారిపడి నడుం విరగ్గొట్టుకోవాలి. పొద్దున్నే స్టేడియంలో నాలుగు రౌండ్లు కొట్టి, బెంచీ మీద కూర్చుని యూనియన్లను తిట్టాలి. మా ఆయన ఈ మూడూ వదిలేసి, పాత మారుతీ ఓమ్ని ఒకటి కొనుక్కొచ్చి, యైటింక్లైన్ కాలనీలో మా క్వార్టర్ ముందున్న వేపచెట్టు కింద నిలబెట్టాడు.

"ఇగ ఇదే మన ఇల్లు" అన్నాడు.

నేను వెంటనే ఏమీ అనలేదు. బాయి పనోడితో ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేసినదాన్ని. ఫస్ట్ షిఫ్ట్, సెకండ్ షిఫ్ట్, నైట్ షిఫ్ట్ వారాలవారీగా మారే మనిషి నిద్రలో మాట్లాడుతున్నాడో మేలుకొని మాట్లాడుతున్నాడో తేల్చుకున్నాకే జవాబు చెప్పడం నాకు అలవాటు.

వాడకట్టు మాత్రం ఊరుకోలేదు. మన సినిమాల్లో హీరో చెల్లెల్ని ఎత్తుకుపోవలసి వచ్చినప్పుడల్లా విలన్ మనుషులు వచ్చేది ఈ బండిలోనే. పక్క తలుపు జర్రున జరుగుతుంది, రెండు చేతులు బయటికొస్తాయి, తలుపు మళ్లీ జర్రుమంటుంది. "వదినా, అన్న ఎవలినన్న లేపుకపోతడా ఏంది?" అని ఎదురింటి ఆమె అడిగింది. "లేపుకపోతే నన్నే లేపుకపోవాలె, వేరేవాళ్లు పట్టరు" అన్నాను. నిజమే మరి. 1984లో మారుతీ వ్యాన్ పేరుతో పుట్టి, కొత్త భద్రతా నియమాలకు నిలబడలేక 2019లో ఆగిపోయిన బండి ఇది. ఇంజను 796 సీసీ. పొడవు మూడున్నర మీటర్లు కూడా లేదు.

ఈ రోగం అంటించింది హైదరాబాద్‌లో ఉండే మా అబ్బాయి. దసరాకు వచ్చినప్పుడు బాపుకు ఫోన్లో వీడియోలు చూపించాడు. తెల్లదొర ఒకడు లారీ అంత వ్యాను కొంటాడు, గోడలకు కలప తాపడం చేస్తాడు, ఓవెన్ పెడతాడు, గీజర్ పెడతాడు, మంచం మీద కుక్కను పెడతాడు. కుక్క లేని వీడియో నేను చూడలేదు. వెనక తలుపు తెరిస్తే సముద్రం. మా బండి వెనక తలుపు తెరిస్తే ఎదురింటివాళ్ల బట్టల తీగ కనిపించేది.

వాళ్లంతా సరదాకు వ్యాను ఎక్కినవాళ్లు. ఎక్కక తప్పనివాళ్లు వేరే ఉన్నారు. అమెరికాలో నెవాడా రాష్ట్రంలో ఎంపైర్ అని జిప్సం కంపెనీ కట్టించిన ఊరొకటి ఉండేది. ఇళ్లన్నీ కంపెనీవే. 2011లో ఫ్యాక్టరీ మూసేస్తే ఊరు ఖాళీ అయింది, చివరికి దాని పిన్‌కోడ్ కూడా ఎత్తేశారు. ఆ ఊరి నుంచి వ్యానులో బయలుదేరిన ఒక పెద్దావిడ కథే 'నోమాడ్‌ల్యాండ్' సినిమా. దానికి 2021లో ఆస్కార్ వచ్చింది. అబ్బాయి పెడితే ఇద్దరం చూశాం. సినిమా అయ్యాక మా ఆయన అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆమెకు గ్రాట్యుటీ ముట్టిందా లేదా?"

కంపెనీ క్వార్టర్లో బతికినవాళ్లకు ఇందులో అర్థంకానిదేమీ లేదు. 1889లో ఇల్లందు దగ్గర తవ్వకం మొదలైన నాటి నుంచీ సింగరేణి బొగ్గు ఎటుంటే అటు జరుగుతూ వచ్చింది, దాని వెంట మనుషులు జరుగుతూ వచ్చారు. గోదావరిఖని చౌరస్తాలో నిలబడి "మీదే ఊరు?" అని అడిగి చూడండి, ఇదే ఊరు అనేవాళ్లు తక్కువ. ఓపెన్‌కాస్ట్ గనులు వచ్చాక చుట్టుపక్కల ఊళ్లకు ఊళ్లే లేచిపోయాయి, బడీ గుడీ బొడ్రాయితో సహా. ఇల్లు కదలడం మాకెప్పుడూ ఉన్నదే. ఈసారి చక్రాలు కూడా ఇచ్చారు, అంతే.

మా టీ-టూ క్వార్టర్ సంగతే చూడండి. కంపెనీ ఇచ్చింది రెండు గదులు. తాళంచెవి చేతికొచ్చిన మర్నాడే మా ఆయన ముందుకు రేకుల షెడ్డు వేశాడు. ఆ షెడ్డుకు ఆనించి స్కూటరుకు ఇంకో షెడ్డు. దానిపక్కన మల్లె పందిరి, పందిరి కింద కోళ్ల గూడు. కాలనీలో ఇది ఇంటింటి బాగోతం. చివరికి క్వార్టర్ అసలు ఎక్కడ మొదలవుతుందో సివిల్ డిపార్ట్‌మెంట్ వాళ్లు కాగితం చూసుకుని వెతుక్కోవాల్సిందే. దిగిపోయాక అదంతా పీకి, రెండు గదులూ రెండు గదుల్లాగే అప్పగించాలి. ఎంత పెంచినా మనది కాదని తెలిసీ పెంచుతూ పోవడం బొగ్గుబాయి మనిషి లక్షణం.

నడిచే ఇంటిమీద ఈయనకు మోజు పుట్టింది మాత్రం అడ్రియాలలో అని నా అనుమానం. 2014లో అక్కడ లాంగ్‌వాల్ గని మొదలైంది. వరసగా నిలబెట్టిన ఇనుప షీల్డులు పైబండను మోస్తుంటే, వాటి ముందు యంత్రం బొగ్గు గోడను చెక్కుకుంటూ పోతుంది. ఒక చెక్కు పూర్తయ్యాక ఒక్కో షీల్డూ కాస్త కిందికి దిగి, ముందుకు జరిగి, మళ్లీ బండను ఎత్తిపట్టుకుంటుంది. అది వదిలేసిన జాగాలో పైకప్పు కూలిపోతుంది. దాన్ని గోఫ్ అంటారు, అటు ఎవరూ పోరు. పాత బాయిలో సపోర్టు పని చేసిన మా ఆయన దాన్ని చూసొచ్చిన రోజు అన్నం ముందు కూర్చుని, "కప్పే నడుస్తుందే! మనం దాని కింద నడుసుడే పని" అని ఆశ్చర్యపోయాడు. ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇక వ్యాను పని. మొదట సీట్లన్నీ పీకేస్తానన్నాడు. అబ్బాయి ఫోన్ చేసి ఆపాడు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలో రాసున్న వివరాలకు తేడా వచ్చేలా, తయారుచేసినవాళ్లు ఇచ్చిన రూపం మారిపోయేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటే గట్టిగా చెప్పింది. మా అదృష్టం కొద్దీ ఇది ఎనిమిది సీట్ల ఓమ్ని. వెనకాల రెండు బెంచీలు వియ్యంకుల్లా ఎదురెదురుగా కూర్చుని ఉంటాయి. మధ్య ఖాళీలో ఒక ప్లైవుడ్ పలక దించి, పైన పరుపు వేస్తే మంచం. పలక తీస్తే మళ్లీ ఎనిమిది సీట్లు. చట్టానికి మంచం కనిపించదు, మాకు సీట్లు కనిపించవు. కాళ్లు మాత్రం పూర్తిగా చాపుకోలేం. ముడుచుకుని పడుకోవాలి. వంగి నడిచే గ్యాలరీల్లో పని చేసినాయనకు అదో లెక్కా? నాకు లెక్కే. తలగడ వైపు ఎవరు, తలుపు వైపు ఎవరు అన్నదానిమీద మా ఇద్దరికీ వేజ్‌బోర్డు స్థాయిలో చర్చలు జరిగాయి.

పైకప్పుకు లోపలివైపు వెండి రేకు అతికిన బుడగల షీటు, దానిమీద పలచటి ప్లైవుడ్. లక్ష్మీనగర్ నుంచి వచ్చిన వడ్లాయన ఎనిమిది స్క్రూలు చాలన్నాడు. మా ఆయన ఒప్పుకోలేదు. బాయిలో రూఫ్ బోల్టుకూ బోల్టుకూ మధ్య ఇంత దూరమేనని లెక్క ఉంటుంది, ఆ లెక్కన వ్యాను కప్పునంతా బిగించాడు. బిగించి ఊరుకోక కడ్డీ తీసుకుని జానకోచోట తట్టి విన్నాడు. బండ గట్టిగా ఉంటే ఖంగుమంటుంది, వదులైతే డొల్లగా పలుకుతుంది. ప్లైవుడ్ అంతటా డొల్లగానే పలికింది. పాపం, ఆయన మొహం చూడాలి. వడ్లాయన తన కూలి తీసుకుని మారు మాట్లాడకుండా వెళ్లిపోయాడు.

షీటు వేసినా రామగుండం ఎండ రామగుండం ఎండే. మే నెలలో 45 డిగ్రీలు దాటితే ఇక్కడ వార్త కాదు. ఆ నెలలో మా కదిలే ఇల్లు కదలదు, అందులోకి మేమూ కదలం. దీపావళి నుంచి శివరాత్రి దాకానే దానికి సీజను.

వంట దగ్గర నా మాట నెగ్గింది. అయిదు కిలోల చిన్న సిలిండర్, ఒంటి పొయ్యి. గ్యాసు పోవడానికి కప్పుకు చిల్లు పెడతానని మా ఆయన డ్రిల్లు పట్టుకున్నాడు. గని మనిషికి గ్యాసంటే మీథేన్. అది గాలికంటే తేలిక, పైకి పోయి బండ కింద చేరుతుంది. గాలిలో నూటికి 1.25 పాళ్లు దాటిందంటే అక్కడ కరెంటు తీసేయాల్సిందేనని రూలు. అదంతా ఆయనకు కంఠతా వచ్చు. కానీ వంటగ్యాసు గాలికంటే బరువు, నేలకు అంటుకుని పడుంటుంది. "చిల్లు కింద పెట్టాలె, పైన కాదు" అన్నాను. "నీకెట్ల తెలుసు?" అన్నాడు. ఇన్నేళ్లుగా ఇంట్లో సిలిండర్ మార్చింది ఎవరని అడిగాను. డ్రిల్లు కిందికి దిగింది. అయినా లోపల వండేది లేదని తేల్చేశాను. వెనక తలుపు పైకెత్తితే అదే నీడ, దాని కింద చెక్కపెట్టె వంటిల్లు. చలికాలం లోపల కుంపటి పెట్టుకుందామన్న మాటను మాత్రం ఆయనే కొట్టేశాడు. మూసిన జాగాలో బొగ్గు రాజేస్తే వచ్చే విషవాయువుకు రంగూ వాసనా ఉండవు. దాన్ని పసిగట్టడానికే వెనకటి గనుల్లోకి పంజరంలో పిట్టల్ని పట్టుకుపోయేవారు. బొగ్గు మీద నలభై ఏళ్లు బతికిన మనిషి తన ఇంట్లోకి బొగ్గును రానివ్వకపోవడం చూసి నాకు నవ్వొచ్చింది.

కరెంటు కథ ఇంకా బాగుంటుంది. బండిమీద 100 వాట్ల సోలార్ పలక వేయించాడు. మన ఎన్టీపీసీ కూడా రామగుండం రిజర్వాయర్లో నీళ్లమీద తేలే పలకలు వేసింది, 2022లో పూర్తయింది. "వాళ్లదీ వందే, మనదీ వందే" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. వాళ్లది 100 మెగావాట్లు. అంటే మా బండి పలకలాంటివి పది లక్షలు. ఆ పక్కనే బొగ్గుతో నడిచే 2,600 మెగావాట్ల పాత ప్లాంటు సంగతి ఎత్తితే మాట మార్చేవాడు. క్వార్టర్లో కరెంటుకు పొదుపు నేర్చినవాళ్లం కాదు మేము, హీటరు పొయ్యి మీదే స్నానానికి నీళ్లు కాగేవి. రోజంతా ఆ పలక మింగిన ఎండను హీటరు పొయ్యి పావుగంటలో తినేస్తుంది. అందుకని ఒక చిన్న ఫ్యాను, రెండు బల్బులు, ఫోన్ ఛార్జింగ్. ఫ్యాను ఎవరివైపు తిరగాలన్నదానికి మళ్లీ వేజ్‌బోర్డే.

ఇదేదో కొత్త ఫ్యాషన్ అనుకుంటారు గానీ, మంథని దగ్గరి మా తల్లిగారి ఊళ్లో ఇది పాత ముచ్చట. మాఘమాసంలో మేడారం జాతర వచ్చిందంటే ఎడ్లబండికి తడకలు వంచి గూడు కట్టేవాళ్లు. లోపల గడ్డి పరిచి, గడ్డిమీద గొంగడి. బండి వెనక కట్టెల మోపు, బండి కింద వేలాడే లాంతరు, లాంతరు పక్కన కాళ్లు కట్టిన కోళ్లు. అమ్మవార్ల బంగారం, అంటే బెల్లం, తలవైపు భద్రంగా. పిల్లలు పైన, పెద్దలు కింద చక్రాల మధ్య. జంపన్నవాగు ఒడ్డున బండ్లన్నీ విప్పితే రాత్రికి రాత్రి పట్నం లేచేది. ఎడ్లకు మేత కూడా బండిలోనే తీసుకుపోయేవాళ్లు. సోలార్ పలక ఒక్కటే తక్కువ. ఆ బండ్లలో మా అవ్వ పది మందికి వండి పెట్టగా చూశాను, ఒక్కరు కూడా వీడియో తీయలేదు.

రాజకీయాల్లో చూసుకుంటే ఎన్టీ రామారావు ఉన్నారు. 1982లో పాత షెవర్లే వ్యానును చైతన్య రథం చేసి, కొడుకు హరికృష్ణ నడుపుతుంటే రాష్ట్రమంతా తిరిగారు. దానిమీదే ఉపన్యాసం, దాంట్లోనే పడక, రోడ్డు పక్కనే స్నానం. మరుసటి జనవరికి ముఖ్యమంత్రి అయ్యారు. "సూడు, వ్యాన్ల పండినాయన ఎక్కడిదాక పోయిండో" అని మా ఆయన నన్ను ఊరించాడు. రామారావు రోడ్డు పక్కన స్నానం చేస్తే జనం దండం పెట్టారు. ఆడదానికి ఆ సౌకర్యం ఏ రథంలోనూ లేదు. చక్రాల ఇంటి గురించి మాట్లాడే మగవాళ్లెవరూ ఈ సంగతి ఎత్తరు, వీడియోల్లోనూ ఎత్తరు. మంచం పొడవు, బ్యాటరీ బలం గంటసేపు చెబుతారు. అందుకని మా ప్రయాణాల పటం నేనే గీస్తాను. గుళ్లూ చెరువులూ తర్వాత, ముందు శుభ్రమైన బాత్రూమున్న పెట్రోలు బంకులు. ఆ చుక్కలు కలుపుకుంటూ పోతే దారి అదే వస్తుంది. బకెట్టు, మడిచే తెర, ఇరవై లీటర్ల నీళ్ల క్యాను కూడా నా ఖాతాలోవే.

అలా చుక్కలు కలుపుకుంటూ మొన్న కాళేశ్వరం వెళ్లాం. ప్రాణహిత వచ్చి గోదావరిలో కలిసే చోటు, ఒకే పానవట్టం మీద రెండు లింగాలున్న గుడి. దర్శనం చేసుకుని, బండ్లు ఆపుకునే ఖాళీ జాగాలో మాదీ ఆపి, వంకాయ కూర పొయ్యి మీద పెట్టాను. తిరిగి చూసేసరికి మా ఆయన లేడు. బండి అవతలివైపు కట్టెలు పాతుతున్నాడు. బండి కప్పు నుంచి తాటిపత్రి ఒకటి లాగి, ముందుకు పందిరి వేస్తున్నాడు. ఇంటినుంచి బయలుదేరేటప్పుడే సీటు కింద దాచి తెచ్చాడట. అది చాలక రెండో తాటిపత్రి కూడా తీశాడు.

పక్కన జీపులో మందమర్రి నుంచి వచ్చిన కుటుంబం ఉంది. ఇంటాయన లేచి వచ్చి నడుంమీద చేతులు పెట్టుకున్నాడు. "అన్నా, మీ గుంజ మా దిక్కు వచ్చింది."

"సివిల్ డిపార్ట్‌మెంటోళ్లు వచ్చినప్పుడు తీసేద్దాం తియ్ తమ్మీ" అన్నాడు మా ఆయన.

జీపాయన ఒక్క క్షణం చూసి, గుంజను తన చేత్తో పీకాడు. సివిల్‌లోనే చేసి దిగిపోయాడట. గుంజను అడుగున్నర ఇవతలికి జరిపి, రాయితో కొట్టి ఇంకా లోతుగా దింపి, "ఇట్లైతే గాలికి లేవది" అన్నాడు. ఆ తర్వాత జీపులోంచి తన తాటిపత్రి తీశాడు.