సేఫ్ అని రాసి ఉండగా నార్మల్ ఎందుకు?

సికింద్రాబాద్‌లో ముప్ఫై సెకన్లు ఒక లెక్కలోవి కావు. ప్యారడైజ్ సిగ్నల్ దగ్గర అంతకంటే ఎక్కువసేపే నిలబడతాం, ఎవరూ ఏమీ అనుకోరు. అవే ముప్ఫై సెకన్లు కంప్యూటర్ తెరమీద ఒక్కొక్కటే తగ్గుతూ కనిపిస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది.

విండోస్ 98 రోజుల మాట. అప్పట్లో కంప్యూటర్ అంటే పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటరే. సీటీసీ అంటే చాలు. మదర్‌బోర్డు ఒక షాపులో, ర్యామ్ పక్క షాపులో, క్యాబినెట్ పై అంతస్తులో బేరమాడి కొని, అన్నీ బిగించడానికి ఓ కుర్రాణ్ణి పట్టుకునేవాళ్లం. మాకు దొరికినవాడు పనిమంతుడే. "ఏమైనా ప్రాబ్లమ్ వస్తే పనికొస్తది అంకుల్" అంటూ, పోయేముందు స్టార్టప్ మెనూ ఆన్ చేసి పోయాడు. తర్వాత వచ్చిన ప్రాబ్లమల్లా ఆ మెనూతోనే.

స్విచ్ వేయగానే నల్లటి తెర, దానిమీద ఆరు వరసలు. ఒకటి నార్మల్, మూడు సేఫ్ మోడ్, నాలుగు అడుగడుక్కీ అనుమతి అడిగేది. కింద ముప్ఫై నుంచి వెనక్కి లెక్క. ఎంటర్ కొడితే అక్కడితో సరి. కొట్టకపోయినా లెక్కయ్యాక అదే ఒకటో దారిన పోతుంది. కానీ మా నాన్న రైల్వేలో రిటైరైన మనిషి.

"ఒరేయ్, సేఫ్ అని రాసి మరీ చెప్తుంటే నార్మల్‌గా పోతానంటావేంట్రా?"

మూడు నొక్కేవాడు. 640 బై 480 తెర, 16 రంగులు, నాలుగు మూలలా సేఫ్ మోడ్ అన్న అక్షరాలు. సీడీ తిరగదు, పాట రాదు, మోడెమ్ పలకదు. ఆయన ఆడేది సాలిటేర్, అది దివ్యంగా నడిచేది. అక్షరాలు లావుగా కనిపిస్తున్నాయని అమ్మ ఓటూ అటే.

బ్యాంకులో లోన్లు చూసే మావయ్య వచ్చినప్పుడు నాలుగు నొక్కాడు. ఫలానా డ్రైవర్ని లోడ్ చెయ్యమంటారా అని అడిగిన ప్రతిసారీ కళ్లజోడు పైనుంచి చూసి ఎస్కేప్ కొట్టాడు. చివరికి విండోస్‌కీ అప్లికేషన్ తిరస్కరించాడు. సి కోలన్ పక్కన కర్సర్ మినుకుమినుకుమంటూ ఉండిపోయింది.

ఇక లాభం లేదని సి డ్రైవ్‌లో ఎమ్మెస్‌డాస్.సిస్ అనే ఫైలు పట్టుకున్నాను. అది దాక్కుని ఉంటుంది, పైగా మార్చనివ్వదు. ఆట్రిబ్ కమాండుతో ముసుగు తీయాలి. తీస్తే ఉన్నది మామూలు టెక్స్టే. అడుగున మాత్రం వరసలు వరసలుగా ఎక్స్‌లు. ఫైలు 1024 బైట్లకి తగ్గితే పాత ప్రోగ్రాములు కొన్ని తికమకపడతాయని, ఖాళీ ప్లాటుకి కడీలు పాతినట్టు వాటిని పాతి పెట్టారు. ముందు బూట్‌మెనూడిలే అన్నచోట 30 తీసి 5 పెట్టాను. కదిలే రైలెక్కిన నాన్నకి ఐదు సెకన్లు ఒక లెక్కా? దాంతో బూట్‌మెనూ=1ని సున్నా చేసేశాను. ఇదంతా ఎమ్మెస్‌కాన్ఫిగ్‌లో ఒక టిక్కు తీసేస్తే అయ్యే పనేననుకోండి, కానీ అందులో మజా ఏముంది?

ఎండాకాలం వచ్చింది. విండోస్ లోడవుతుండగా కరెంటు పోయింది. కరెంటొచ్చాక స్విచ్ వేస్తే మెనూ మళ్లీ ప్రత్యక్షం! సగంలో ఆగిపోతే సున్నా పెట్టినా వచ్చి తీరుతుందది. పైగా ఈసారి తనంతట తానే మూడో నంబరు మీద నిలబడింది.

"చూశావా? కంప్యూటరే ఒప్పుకుంది," అన్నాడు నాన్న.

విండోస్ 98కి మైక్రోసాఫ్ట్ 2006 జులైలోనే మద్దతు ఆపేసింది. విండోస్ 8 నుంచి ఎఫ్8 ఎంత నొక్కినా మామూలుగా మెనూ రాదు. అయినా మీ అటకమీద అలాంటి పెట్టె ఒకటుంటే, బూట్‌మెనూ సున్నా చేసుకోండి, ఎక్స్‌ల జోలికి పోకండి, యూపీఎస్ ఒకటి కొనుక్కోండి. మూడో నంబరు సంగతి మాత్రం ఇంట్లో పెద్దవాళ్లకి చెప్పకండి.