కొండెక్కని సైకిల్, కొండెక్కిన హామీలు

మౌంటెన్ బైక్ కొన్నారా? శుభం. దాంతోపాటు ఇచ్చిన చిన్న పుస్తకం ఒకసారి తెరవండి. ఎవరూ తెరవరని తెలిసే అచ్చేసిన పుస్తకం అది. పది పన్నెండు వేల రకం బండ్లలో చాలావాటికి, లోపలెక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఒక హెచ్చరిక ఉంటుంది. రోడ్డు దిగి తొక్కరాదు. గెంతించరాదు. రాళ్లలో వాడరాదు. పేరులో పర్వతం, షరతుల్లో చదును నేల. కొండెక్కితే వారంటీ గోవిందా. నేతి బీరకాయలో నెయ్యి ఎంతో, ఇందులో పర్వతం అంత.

సరే, బుద్ధిగా రోడ్డు మీదే తొక్కుదాం. ఏ రోడ్డు మీద? తాండూరు చుట్టూ బండల లారీలు, సిమెంటు లారీలు తిరిగే దారుల మీదా? బండి కంపెనీ లాయరుగారిని పిలిపించి, వాన వెలిసిన మర్నాడు ఆ గుంతల మధ్య నిలబెట్టి అడగాలి. అయ్యా, ఇది రోడ్డా, ఆఫ్ రోడ్డా? మా వారంటీ ఉన్నట్టా, పోయినట్టా?

ముందు బండి సంగతి తేలుద్దాం. బండి దగ్గర అబద్ధం చిన్నది, విప్పి చూడొచ్చు.

ముందు షాకులు. బయట రెండు గొట్టాలు, లోపల ఒక స్ప్రింగు, పైన తళతళలాడే స్టిక్కరు. బరువు రెండు కిలోలు దాటుతుంది. చేసే ఘనకార్యం? బ్రేకు కొడితే ముక్కు వంచుతుంది. అనంతగిరి చడావు మీద నిలబడి తొక్కితే మన కండబలంలో కమీషన్ తీసుకుంటుంది. ఏడాది దుమ్ము తిన్నాక బిగుసుకుపోతుంది. చిత్రమేమిటంటే, బిగుసుకుపోయిన రోజు నుంచే బండి కాస్త తిన్నగా నడుస్తుంది. ఇక నడుమ కూడా ఎర్రటి లావు స్ప్రింగు పెట్టిన రకం ఒకటుంది. పిల్లలు దాన్నే పట్టుబట్టి కొనిపిస్తారు. పిల్లలు కదా, క్షమించొచ్చు. దాన్ని తయారుచేసినవాళ్లు పిల్లలా?

ఇరవై ఒక్క గేర్లట! ముందు మూడు, వెనక ఏడు. గుణకారం సరిగ్గానే ఉంది. కానీ చాలా గేర్లు ఒకదానికొకటి నకళ్లు. ఇంకొన్నింటిలో చైను అడ్డంగా పడి గీరుకుంటుంది. నిజంగా పనికొచ్చేవి పదో పన్నెండో. మిగతావి మేనిఫెస్టో.

ఇప్పుడు ఈ బండిని పారేసి ఇంకోటి కొనాలా? అక్కర్లేదు. వికారాబాద్‌లోనో తాండూరులోనో సందు చివర ఒక పాత సైకిల్ షాపు ఇంకా బతికే ఉంటుంది. ఒకప్పుడు తెలంగాణ ఊళ్లలో 'సైకిల్ టాక్సీ' అని బోర్డు పెట్టుకుని గంటల లెక్కన బండ్లు అద్దెకిచ్చిన రకం షాపు. అలాంటి చోట పెద్దమనిషి మీ గేర్ల బండిని తలకిందులుగా నిలబెడతాడు. పెడల్ ఒక్క తిప్పు తిప్పి చెవి అప్పగిస్తాడు. "గోళీలు పోయినయ్ సారూ. షాకుల మీద పైసలు పెట్టకుండ్రి." అంతే. కన్సల్టెన్సీ లేదు. డీపీఆర్ లేదు. కమిటీ లేదు. ఆ కమిటీకి గడువు పొడిగింపూ లేదు.

ఆయన చెప్పేది వినండి. పెడళ్ల నడుమ ఇరుసులో విడి గోళీలు తీసేసి సీలు చేసిన బేరింగు సెట్టు వేయించండి. చైనూ ఫ్రీవీలూ రెండూ కలిపి మార్చండి. అరిగిన ఫ్రీవీలు మీద కొత్త చైను వేస్తే జారుతుంది, వాడిన ఫ్రీవీలు పళ్లు ఆ కొత్తదాన్నీ అరగదీస్తాయి. బ్రేకు తీగలు, బయటి గొట్టాలు, ప్యాడ్లు కొత్తవి. చక్రాల బెండు తీయించి చువ్వలు సమంగా బిగించండి. కాస్త వెడల్పు టైర్లు వేసి గాలి కొంచెం తగ్గించండి. చవక బండికి అసలైన షాకు అదే, స్ప్రింగు కాదు. చేతిలో ఇంకా నాలుగు డబ్బులుంటే ఆ ఉత్తుత్తి షాకులు ఊడబీకి మామూలు స్టీలు ఫోర్కు వేయించండి. కిలోకు పైగా బరువు దిగిపోతుంది. చివరగా గ్రీజు, ఓవరాయిలింగ్. ఫోర్కు వదిలేస్తే, జాగ్రత్తగా బేరమాడితే, మూడు నాలుగు వేలల్లో అయ్యే పని. ఒక పూటలో బండి తొక్కుకుంటూ ఇంటికి రావచ్చు.

ఇక్కడితో ఆగితే బాగుండు. ఆగనివ్వరు. ఫోను తెరిస్తే చాలు, వీడియోలో ఒక మహానుభావుడు ప్రత్యక్షం. "ఏడు గేర్లేంటి బ్రో, ఎనిమిదికి వెళ్లు!" వెళ్దాం. వెనక హబ్బుకు ఫ్రీవీలు మరలో బిగిసి ఉంటుంది, దాని మీద ఎనిమిది గేర్ల క్యాసెట్ కూర్చోదు. కాబట్టి హబ్బు మార్చాలి. హబ్బు మారితే చువ్వల కొలత మారుతుంది. చువ్వలెలాగూ మారుస్తున్నాం కదా, రిమ్ము కూడా కానిచ్చేద్దాం. షిఫ్టరు ఏడుది, పనికిరాదు. పన్లో పని డిరెయిలరూ. చివరికి పాత బండిలో మిగిలేది ఫ్రేమూ, మీ పేరు రాసుకున్న స్టిక్కరూ. పన్నెండు వేల బండికి పదిహేను వేల అప్‌గ్రేడు. ప్రాజెక్టుల అంచనా వ్యయం ఎలా పెరుగుతుందో ఎప్పుడైనా అనుమానం వచ్చిందా? ఇలాగే.

ఈ మౌంటెన్ బైక్ అనేదే పుట్టింది పాత ఇనప సామాన్లలోంచి. కాలిఫోర్నియాలో మారిన్ కౌంటీ. 1970ల్లో కొందరు కుర్రాళ్లు 1930లు, 40ల నాటి ష్విన్ కంపెనీ పాత బండ్లను, లావు టైర్లవి, చవగ్గా ఏరుకొచ్చి, వాటికి దొరికిన బ్రేకులూ గేర్లూ తగిలించి కొండమీంచి దింపేవారు. 1976 అక్టోబర్‌లో పందెమే పెట్టారు. దాని పేరు రిప్యాక్. దిగేసరికి వెనక హబ్బు బ్రేకులో గ్రీజు కాలి పొగలు కక్కేది, మళ్లీ కూరాల్సి వచ్చేది. అందుకా పేరు. జో బ్రీజ్, గ్యారీ ఫిషర్ ఆ కుర్రాళ్లలోవాళ్లే. అంటే తుక్కు బండిని బాగుచేసుకోవడంలోంచి పుట్టిన వస్తువును, బాగుచేసుకోవడానికి వీల్లేకుండా చేసి మనకు తిరిగి అమ్ముతున్నారన్నమాట. చక్రం ఇరవై ఆరు అంగుళాలన్నారు. తర్వాత ఇరవై తొమ్మిదన్నారు. మధ్యలో ఇరవై ఏడున్నర అన్నారు. ఇరుసు వెడల్పు మార్చారు. ఒక్కో మార్పుకీ నిన్నటి సామాను ఇవాళ పనికిరాదు. దీని పేరు ప్రగతి. నోరు మూసుకుని కొనాలి.

ఇంతకీ బండి తయారైంది. తొక్కేదెక్కడ?

ఆదివారం పొద్దున అనంతగిరి చూడండి. హైదరాబాద్ నుంచి కార్లు దిగుతాయి. కార్ల వెనక లక్షల బండ్లు కట్టి ఉంటాయి. సైకిల్ తొక్కడానికి డెబ్బై కిలోమీటర్లు డీజిలు కాలుస్తారు. ఎందుకు, ఆ రోడ్డు మీద తొక్కుకుంటూ రావచ్చుగా? ఈ ఒక్క విషయంలో వాళ్లను తిట్టలేను. ప్రాణం తీపి.

వాళ్లకు నగరంలో రాజమార్గమే ఉంది. 2023 అక్టోబర్ 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఇరవై మూడు కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ ప్రారంభించారు. పైన సోలార్ పలకల కప్పు, 16 మెగావాట్ల కరెంటు. ఎండ తగలదు, వాన తడపదు. కాదనను, బాగుంది. అందులో ఒక కొస ఎక్కడ ఆగుతుందో తెలుసా? పోలీస్ అకాడమీ దగ్గర. సరిగ్గా అక్కడి నుంచే చేవెళ్ల మీదుగా మనవైపు వస్తుంది బీజాపూర్ జాతీయ రహదారి. కప్పు అయిపోయిన చోట మన వికారాబాద్ జిల్లా దారి. సూర్యుడు కూడా అక్కడి నుంచి ఉచితం.

ఆ దారిని అక్కడి అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా, నలభై ఆరు కిలోమీటర్లు, నాలుగు వరుసలు చేస్తామన్నారు. ఏళ్లు గడిచాయి. పనెందుకు కాలేదంటే మర్రిచెట్లు చూపించారు. తొమ్మిది వందలకు పైగా మర్రిచెట్లు, గ్రీన్ ట్రిబ్యునల్‌లో కేసు. మంచిదే, చెట్లు ఉండాలి. కానీ రోడ్డు ఇరుకైతే తప్పు మర్రిచెట్టుది. గుంత పడితే తప్పు వానది. లెక్కకు మించి కంకర నింపుకుని టిప్పరు పరుగెత్తితే తప్పెవరిది? ఏ చెట్టుది?

2025 నవంబర్ 3 ఉదయం తాండూరు నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఆర్టీసీ బస్సును ఇదే దారిలో మీర్జాగూడ దగ్గర కంకర టిప్పరు ఢీకొట్టింది. కంకర బస్సులోకి ఒలికిపోయింది. పంతొమ్మిది మంది పోయారు. చదువుకోడానికి పోయే పిల్లలున్నారు అందులో. ఆ వారమంతా ఓవర్‌లోడు తనిఖీలు, ప్రకటనలు, దిగ్భ్రాంతులు. దిగ్భ్రాంతి ఎవరికి? ఆ దారిలో రోజూ పోయేవాడికి అందులో కొత్త ఏముంది?

అడిగేవాడు లేక కాదు ఈ గతి. 2014 నుంచి 2018 దాకా రాష్ట్ర రవాణా మంత్రి పట్నం మహేందర్ రెడ్డి తాండూరు ఎమ్మెల్యేనే. లారీల ఓవర్‌లోడు చూడాల్సింది ఆ శాఖే. ఇప్పటి ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి నియోజకవర్గం కొడంగల్ ఈ జిల్లాలోదే. శాసనసభ స్పీకర్ గడ్డం ప్రసాద్ కుమార్ సాక్షాత్తూ వికారాబాద్ ఎమ్మెల్యే. ఇంతకన్నా పెద్దలు ఏ జిల్లాకున్నారు? 2016లో పుట్టిన జిల్లాకు ఎన్ని బర్త్‌డేలయ్యాయి? ఇంకెవరు రావాలి ఆ గుంత పూడ్చడానికి, ఐక్యరాజ్యసమితా?

తాండూరులో ఇంకో వైభోగం దుమ్ము. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల పొడి, సిమెంటు పొడి, లారీ వెనక లేచే ఎర్రమట్టి. నూనె రాసిన చైను మీద అది పడిందా, ఆకురాయి నూరుడే. చైను నూనె లింకుకో చుక్కకు మించొద్దు, రాశాక గుడ్డతో తుడిచేయాలి, లేదంటే కొత్త ఫ్రీవీలు కూడా త్వరలోనే దుకాణం ముందు నిలబడుతుంది. చైనుకు మందు చెప్పాను. ఆ దుమ్ములో నడిచి బడికెళ్లే పిల్లాడి ఊపిరితిత్తులకు ఏ దుకాణంలో ఓవరాయిలింగ్ చేస్తారో నాకెవరైనా చెప్పండి.

కొండ దారులైనా మిగిలాయా? అనంతగిరిలో ఎకో టూరిజానికి స్వదేశ్ దర్శన్ కింద కేంద్రం సుమారు 38 కోట్లు మంజూరు చేసింది. అదే జిల్లాలో, పూడూరు మండలం దామగుండంలో, దాదాపు 2,900 ఎకరాల అడవి నౌకాదళానికి వెళ్లింది. సముద్రమే లేని జిల్లాకు జలాంతర్గాములతో మాట్లాడే రేడియో కేంద్రం! 2024 అక్టోబర్ 15న రక్షణమంత్రి, ముఖ్యమంత్రి కలిసి శంకుస్థాపన చేశారు. దేశరక్షణ కాదనేవాడెవడు? కానీ ఒక కొండ మీద ప్రకృతిని ప్రేమించమని బోర్డు, ఇంకో గుట్ట మీద ప్రవేశం నిషిద్ధమని బోర్డు. రెండు బోర్డులకూ డబ్బులు మనవే.

సైకిల్ మీద ప్రేమకు మాత్రం కొదవలేదు. 1982లో పుట్టిన పార్టీ సైకిల్ గుర్తు మీద తొమ్మిది నెలల్లో గద్దెనెక్కింది. 2018లో ఐక్యరాజ్యసమితి జూన్ 3ను ప్రపంచ సైకిల్ దినోత్సవమంది. 2020లో సరిగ్గా అదే రోజున అట్లాస్ కంపెనీ సాహిబాబాద్‌లోని తన సైకిల్ ఫ్యాక్టరీని మూసేసింది. దినోత్సవ శుభాకాంక్షలు! 2025 సెప్టెంబర్ 22న సైకిళ్ల మీద జీఎస్టీ పన్నెండు నుంచి ఐదు శాతానికి దించారు. చప్పట్లు. అదే రోజు చిన్న కార్ల మీద ఇరవై ఎనిమిది నుంచి పద్దెనిమిదికి దించారు. సైకిల్‌కు ఏడు తగ్గిస్తే కారుకు పది. ఎవరి మీద ప్రేమ ఎక్కువో లెక్క తేలింది.

అందుకని ఒక చిన్న విన్నపం. వచ్చే జూన్ 3న జెండా ఊపే పెద్దలంతా ఈసారి ఊపడం మాని ఎక్కండి. జెండా మేం పట్టుకుంటాం. బండి కూడా మేమే ఇస్తాం, తక్కువ ఖర్చులో బాగుచేయించిందే. తాండూరులో బయల్దేరి, ధారూరు మీదుగా వికారాబాద్ చేరాలి, లారీలు తిరిగే వేళకే. పైలట్ వాహనం ఉండదు. రోడ్డుకు ముందురోజు రాత్రి తారు పూయడం ఉండదు. గుంత దగ్గర ఫోటోగ్రాఫరు ఉండడు. ఒక మాట ముందే చెప్పాలి, ఆ బండి వెనక ఇరుసు ఫ్రీవీలు రకానిది, బేరింగు లోపలికి ఉంటుంది, గట్టి గుంతలో పడితే వంగుతుంది. బ్రేకు ప్యాడ్లు మాత్రం కొత్తవే వేయించాం.