చిన్నాయనా, చెట్ల బొమ్మలూ

మా ఊరు ఆవనిలో చిన్నాయనకు పేరు తెలియని చెట్టు లేదు. తెలియకపోతే అప్పటికప్పుడు పెట్టేస్తాడు. రిటైరైన మేష్టారు; దారిన పోయే మేకను ఆపి, దాని నోట్లో ఆకు లాగి చూసిన మనిషి.

ఇట్లాంటాయనకు బెంగళూరు మనవడు ఫోన్లో వాయ్‌నిచ్ గ్రంథం చూపించాడు. 1912లో వాయ్‌నిచ్ అనే పాత పుస్తకాల వ్యాపారి కొన్నది, ఇప్పుడు అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం లైబ్రరీలో ఉంది. తోలు పుటలు 1404–1438 మధ్యవని కార్బన్ పరీక్షలో తేలింది. ఆ లిపి ఎవరికీ అంతుపట్టలేదు, అందులో గీసిన చెట్లు చాలావరకు ఏ ఊరివో తెలియదు. చిన్నాయన ముళబాగిలు పోయి కలర్ ప్రింట్లు తీయించుకొచ్చి అరుగు మీద పరిచేశాడు.

1944లో ఓనీల్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఒక బొమ్మను పొద్దుతిరుగుడన్నాడు. అది అమెరికా మొక్క, కొలంబస్ పోయింది 1492లో, లెక్క కుదరదు.

"దొరకేం తెలుసురా, ఇది మన గడ్డిచేమంతి!"

గడ్డిచేమంతీ అమెరికా నుంచి వచ్చిందేనని నేననలేదు. కాఫీ ఇంకా రాలేదు.

గ్రంథంలో పచ్చనీళ్ళ తొట్లలో ఆడవాళ్ళు స్నానం చేసే బొమ్మలున్నాయి. సీతమ్మ లవకుశులను కన్నది మా కొండ మీదేనని ఊరి నమ్మకం. ఇంకేం కావాలి? "బాలింతకు ఆకులు కాచి నీళ్ళు పోసేదిరా ఇది! వాల్మీకి రాసిపెట్టినాడు."

చిన్నాయన మాటలు వింటుంటే నాకు రాక్స్‌బర్గ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తొచ్చాడు. వెనకటికి సామర్లకోటలో ఉండి మన చిత్రకారులచేత మొక్కలు గీయించి, వాటి తెలుగు పేర్లు కూడా రాసుకున్నాడు. 1795 నుంచి ఆ బొమ్మలు లండన్‌లో అచ్చయ్యాయి. ఆయనకు పేర్లు చెప్పినవాళ్ళలో ఒక చిన్నాయన ఉండే ఉంటాడని నా అనుమానం. ఇట్లాంటివాళ్ళు లేకపోతే సగం మొక్కలకు పేర్లే ఉండవేమో, ఒప్పుకోవాలి.

కాఫీ తెచ్చిన చిన్నమ్మ ఒక బొమ్మ మీదికి వంగింది. నలభై ఏళ్ళుగా పొలంగట్ల మీద ఆకుకూర కోసుకొచ్చే మనిషి. "వేరు ఒకదానిది, ఆకు ఇంకొకదానిది. పువ్వు తెచ్చి అతికించినట్టుంది. దీన్ని చూసి ఎవురూ ఆకు కొయ్యలేరు" అని లోపలికి పోయింది. పండితులు కొందరు అన్నదీ ఇదే.

చిన్నాయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత తొడ చరిచాడు. "అంటు కట్టినార్రా! శ్రీనివాసపురం మామిడితోటలోళ్ళు మన దగ్గరే నేర్చినారు. రాసుకో!"

నోటుపుస్తకం నా చేతికిచ్చాడు. రాశాను. పక్కనే చిన్న అక్షరాల్లో, ఆ ఆకు మట్టుకు ఉమ్మెత్తది లాగుందని నా మాటా ఒకటి చేర్చాను.