పెన్నుతోనే సుడోకు: పై తరగతి వారికి చిట్కాలు

వరసలో ఒక్క గడి ఖాళీగా ఉంటే మిగిలిపోయిన అంకె వేయడం ఇంట్లో ఎవరికైనా వస్తుంది. ఈ చిట్కాలు వాళ్లకి కాదు. ఆదివారం పేపర్లో 'అతి కఠినం' అని పైన రాసి, ఐదు నక్షత్రాలు వేసి, మనల్ని రెచ్చగొట్టే సుడోకు ఉంటుందే, దాని మీదికి వెళ్లేవాళ్లకి.

ముందు సరంజామా. పెన్సిలు పట్టినవాడు తప్పు చేస్తానని ముందే ఒప్పుకున్నవాడు. మీరు మంచి జెల్ పెన్ను కొనండి. పేపరు పలచన కాబట్టి సిరా అవతలి పేజీకి దిగుతుంది. మీరు వేసిన 7 వెళ్లి రాశిఫలాల్లో వృశ్చికం మీద పడిందంటే అది ఆ రాశివారి యోగం.

పెన్సిలు లేకపోతే గడి మూలల్లో పట్టే అంకెలన్నీ చిన్నగా రాసుకోవడం ఎలాగని అడుగుతారు. రాసుకోకూడదు. 26 అంకెలు ఇచ్చిన సుడోకులో ఖాళీలు 55. గడికి మూడేసి చొప్పున పట్టినా 165. మన విజయనగరం వైపువాళ్లు ఈపాటి దానికి కాగితం ఆసరా కోరడం నామోషీ. అజ్జాడలో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారు రెండు చేతులు, రెండు కాళ్లు, తల, ఒక్కోదానితో ఒక్కో తాళం వేస్తూ ఐదింటినీ ఒకేసారి నడిపించేవారు. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే తొలి ప్రిన్సిపాల్ ఆయనే. ఆ గాలి పీల్చినవాళ్లం, 165 అంకెలు బుర్రలో పెట్టుకోలేమా? మధ్యలో ఫోను మోగి అన్నీ చెదిరిపోతే మళ్లీ మొదటి గడి నుంచి మొదలెట్టండి.

స్థలం ముఖ్యం. ఇంట్లో నిశ్శబ్దంగా కూర్చుంటే ఆలోచన వస్తుంది, ఆలోచన వస్తే అనుమానం వస్తుంది. పలాస నుంచి విశాఖ పోయే పాసింజరు దీనికి శ్రేష్ఠం. పేపరు తెరిస్తే చాలు, "ఏటి బావూ ఆలోసిస్తన్నావు, ఆ మూల నాలుగెట్టీ" అని ఎదుటి సీటాయన సాయానికొస్తాడు. పెట్టేయండి. కిటికీ పక్కన కూర్చున్నామె తొమ్మిదంటే అదీ ఎక్కడో ఒకచోట సర్దండి. అక్కడ నాలుగెందుకని కాలేజీ కుర్రాడెవడైనా అడిగితే ప్లాట్‌ఫాం మీది టీ నుంచి దేశ రాజకీయం దాకా ఉపన్యాసం ఇవ్వండి. వెంకటేశానికి గిరీశం చెప్పిన చదువు అదే. 1892లో కన్యాశుల్కం నాటకం మొదట ఆడిన విజయనగరం మీదుగానే పోతోంది కదా రైలు!

ఇక పద్ధతులు. ఎక్స్-వింగ్ అని ఒకటుంది. రెండో అడ్డువరసలో 5 పట్టే గళ్లు రెండే ఉన్నాయనుకోండి, మూడో నిలువులో ఒకటి, ఎనిమిదో నిలువులో ఒకటి. ఏడో అడ్డువరసలోనూ అచ్చం అలాగే. అప్పుడు ఈ నాలుగు మూలల్లో ఏదో ఒక ఐమూల జంటలో 5 ఖాయం. ఏ జంటో తెలియకపోయినా సరే, మూడో నిలువులోనూ ఎనిమిదో నిలువులోనూ మిగతా గళ్లన్నిట్లోంచి 5 కొట్టేయమంటారు. ఇంత బుర్ర పెట్టి చివరికి చేసేది కొట్టివేతా! ఒక్క అంకె కూడా రాయకుండా పావుగంట పేపరు వైపు చూస్తే పక్కవాళ్లు ఏమనుకుంటారు? నాలుగు మూలల్లోనూ 5 వేసేయండి. రెండు కచ్చితంగా కరెక్టు. యాభై శాతం. ఇంటర్ పాసవడానికి 35 చాలు.

ఇదే లెక్కను మూడు అడ్డువరసలకు, మూడు నిలువువరసలకు పెంచితే స్వోర్డ్‌ఫిష్. అక్కడ తొమ్మిది గళ్లకు మూడే నిజం. ముప్ఫై మూడు శాతం, ఫెయిలు. దాని జోలికి వెళ్లొద్దు.

ఒకే పెట్టెలో రెండు గళ్లలో 4, 7 తప్ప ఇంకేమీ పట్టకపోతే ఆ రెండంకెలూ ఆ రెండు గళ్లవే. పెట్టెలో మిగతా చోట్ల 4, 7 కొట్టేసి ముందుకు పొమ్మంటాయి పుస్తకాలు. ఏది ఎవరిదో తేల్చకుండా ముందుకు పోవడమేమిటి? మన ఊళ్లలో తగువు అలా వదిలేసినవాణ్ని పెద్దమనిషి అనరు. పై గడికి పెద్దంకె, కింది గడికి చిన్నంకె. రెండూ పక్కపక్కనే ఉంటే తూర్పు గడికి పెద్దంకె.

ఎక్స్‌వై-వింగ్‌లో అన్యాయం మరీ ఎక్కువ. నడిమి గడిలో 2 గానీ 5 గానీ. దాని వరసలో ఉన్న ఒక గడిలో 2 గానీ 8 గానీ, దాని పెట్టెలోనో నిలువులోనో ఉన్న మరో గడిలో 5 గానీ 8 గానీ. నడిమిది 2 అయితే మొదటిది 8 అవుతుంది, 5 అయితే రెండోది. కాబట్టి ఆ రెండింటి దారిలోనూ పడే నాలుగో గడిలో 8 పట్టదట. ముగ్గురు మాట్లాడుకుని, పంచాయితీకే రాని నాలుగోవాడి వాటా కొట్టేశారు. 8 ఆ నాలుగో గడికే ఇవ్వండి.

ఒక పెట్టెలో 9 ఎక్కడా ఇమడకపోతే కంగారు పడొద్దు. శ్రీకాకుళం స్టేషను ఆమదాలవలసలో ఉన్నట్టు, ఈ పెట్టె 9ని పక్క పెట్టెలో పెట్టి ఇటు చూపిస్తూ ఒక బాణం గీయండి. జనం ఆటో ఎక్కి వస్తున్నారు కదా.

అన్నీ విఫలమైతే ఊహ. ఒక గడిలో 1 గానీ 6 గానీ పడుతుందంటే, 1 అనుకుని చివరిదాకా వెళ్లి చూడమని, చిక్కొస్తే వెనక్కి వచ్చి 6 వేయమని అంటారు. ఈ వెనక్కి రావడం దగ్గరే నాకు అభ్యంతరం. రైలు పొందూరులో ఉండగా వేసిన 1 తప్పని గరివిడి దాటితే గానీ తెలియదు. అప్పటికి దాన్ని నమ్ముకుని ఇరవై అంకెలు బతుకుతుంటాయి. ఒకదాని కోసం ఇరవైని రోడ్డున పడేస్తారా? 1ని ఉంచండి, లోకాన్ని దానికి తగ్గట్టు సర్దండి.

ఎలా సర్దాలో చరిత్రే చెబుతుంది. ఈ ఆటను 1979లో ఒక అమెరికన్ పత్రికకు అందించిన హోవర్డ్ గార్న్స్ వృత్తికి ఆర్కిటెక్టు. 1984లో జపానులో నికోలి పత్రికవాళ్లు అందుకుని, ఇచ్చే అంకెల అమరిక పట్టికను తలకిందులు చేసినా మారకూడదని తర్వాత నియమం పెట్టారు. పై ఎడమ మూల అంకె ఉందంటే కింది కుడి మూలా ఉంటుంది. వాళ్లు చోటు వరకే ఆగిపోయారు. మీరు అంకెలు కూడా కలపండి: పైన 3 ఉంటే కిందా 3. 2004లో దీన్ని లండన్ టైమ్స్‌కు పట్టుకెళ్లిన వేన్ గౌల్డ్ హాంకాంగ్‌లో జడ్జిగా చేసి రిటైరైన మనిషి. అందుకే కాబోలు, తీర్పు ఒక్కటే ఉండాలని అందరికీ ఇంత పట్టుదల.

తీర్పు ఒక్కటే ఎందుకుండాలి? నియమం తప్పకుండా నింపిన సుడోకులు మొత్తం 6,67,09,03,75,20,21,07,29,36,960 ఉన్నాయని ఫెల్గెన్‌హావర్, జార్విస్ అనే ఇద్దరు 2005లో లెక్కగట్టారు. ఇన్నింట్లో మీది ఒకటి కాకుండా పోతుందా? రేపటి పేపర్లో వచ్చే జవాబు వాళ్ల ఇష్టం, మీది మీ ఇష్టం.

పేపరువాళ్లు అచ్చేసిన అంకెలే అడ్డొస్తున్నాయంటారా, దానికీ దారుంది. జవాబు ఒక్కటిగా నిలవాలంటే కనీసం 17 అంకెలు ఇవ్వాలని డబ్లిన్‌లో గ్యారీ మెక్‌గ్వైర్ బృందం 2012లో కంప్యూటర్లతో తేల్చింది. 17 చాలినచోట 26 ఇచ్చారంటే తొమ్మిది అదనం. అవి మీవి. పెన్ను కొనమన్నది ఇందుకే. 3ని 8 చేయడం చిటికెలో పని. 1కి నెత్తిన గీత పెడితే 7, 5కి పొట్ట మూసేస్తే 6. 4కి తల కప్పితే 9 అవుతుంది, కాస్త చెయ్యి తిరగాలి. 2 ఒక్కటే మాట వినదు, దాన్ని వదిలేయండి.