బ్యాకప్ పిరికివాళ్ల పని

లినక్స్ ఎక్కించుకోవడానికి తేలిక దారులు బోలెడున్నాయి. ఉబుంటు, మింట్ లాంటివాటిని పెన్‌డ్రైవ్‌లో పెట్టి నాలుగుసార్లు ‘నెక్స్ట్’ నొక్కితే పనైపోతుంది. సరిగ్గా అందుకే వాటి జోలికి పోవద్దు. నాలుగు నొక్కులతో వచ్చినదాని గురించి ఆఫీసు క్యాంటీన్‌లో ఎంతసేపని చెప్పుకుంటాం? మీకు తగినది ఆర్చ్ లినక్స్. 2002లో జడ్ వినెట్ అనే కెనడా ప్రోగ్రామర్ మొదలుపెట్టాడు. నల్లటి తెర, మినుకుమనే గీత, మీరు. అంతే. 2021 నుంచి ‘ఆర్చ్‌ఇన్‌స్టాల్’ అనే సహాయక ప్రోగ్రామును కూడా అందులోనే పెడుతున్నారు, ప్రశ్నలడిగి మిగతా పని తనే చేసుకుపోతుంది. దాన్ని చూడనట్టు నటించండి. ఈ తతంగమంతా ‘నేను ఆర్చ్ వాడతాలెండి’ అని మాటల మధ్యలో అలవోకగా అనగలగడానికి. కంప్యూటర్ పనిచెయ్యడం కొసరు.

ముహూర్తం ఆదివారం రాత్రి పదకొండు దాటాక పెట్టుకోండి. పొద్దున్నే ఆఫీసు మీటింగ్ ఉంటే మరీ శ్రేష్ఠం. యంత్రం కోసం వెతుక్కోనక్కర్లేదు, అక్క పెళ్లి ఫొటోలూ నాన్నగారి ఇన్‌కమ్‌టాక్స్ కాగితాలూ ఉన్న ఇంటి ల్యాప్‌టాప్ చాలు. ముందు వర్చువల్ మెషీన్‌లో ఒకసారి చేసి చూసుకోమనేవాళ్లు ఉంటారు. గట్టు మీద బోర్లాపడుకుని ఈత నేర్చుకోమన్నట్టుంటుంది ఆ సలహా.

పెన్‌డ్రైవ్ తయారీకి ‘డీడీ’ అనే ఆదేశం వాడండి. ‘ఐఎఫ్’ దగ్గర ఎక్కడి నుంచో, ‘ఓఎఫ్’ దగ్గర ఎక్కడికో రాయాలి. ఇది పాతకాలపు నౌకరు లాంటిది కూడా కాదు, నౌకరైనా ‘నిజంగానేనా అయ్యగారూ’ అంటాడు. డీడీ మారు మాటాడదు, చెప్పిన చోట రాసేస్తుంది. దించుకున్న ఆర్చ్ ఫైలు సరైనదో కాదో చూడటానికి 64 అక్షరాల షా256 సంఖ్య ఇస్తారు. మొదటి మూడు అక్షరాలు కలిస్తే మనవాడే అనుకోండి.

తర్వాత బయోస్‌లోకి వెళ్లి సెక్యూర్ బూట్ తీసెయ్యాలి. విండోస్‌కు బిట్‌లాకర్ తాళం ఉన్న పక్షంలో, మళ్లీ విండోస్‌లోకి వెళ్లబోతే అది 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ముందే కాగితం మీద రాసిపెట్టుకుంటే ఉత్కంఠ పోతుంది. కీ చాలావరకు నాన్నగారి మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంటుంది. ఆ ఖాతా పాస్‌వర్డ్ ఆయనకు గుర్తుండదు. పన్నెండున్నరకు లేపి అడగండి.

ఇక అసలు ఘట్టం, డిస్కు. ‘ఎల్‌ఎస్‌బీఎల్‌కే’ అని కొడితే ఉన్న డిస్కులూ వాటి కొలతలూ కనిపిస్తాయి. 512 జీబీ అని కొన్నది 476.9 అని చూపిస్తుంది. లెక్కపెట్టే పద్ధతి వేరు కనక అలా కనిపిస్తుందని అంటారు, మీరు మాత్రం షాపువాడే కొట్టేశాడని నమ్మి, ఇది మన డిస్కు కాదని తేల్చుకోండి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అన్న పేర్లు యంత్రానికి ఆ పూట డిస్కులు తగిలిన వరసను బట్టి వస్తాయి. నిన్న ‘ఏ’ అయినది ఇవాళ ‘బీ’ కావచ్చు. ప్రతిసారీ చూసుకోవడం ఓపిక లేనివాళ్లకు కుదరదు గదా, నిన్నటి జ్ఞాపకం మీదే నడిపించండి. ‘ఎఫ్‌డిస్క్’కు ఒక మంచి గుణం ఉంది: ‘డబ్ల్యూ’ నొక్కేదాకా ఎన్ని ముక్కలు కోసినా డిస్కు మీద ఏమీ రాయదు. అనుమానమొస్తే ‘క్యూ’ నొక్కి నిక్షేపంగా బయటికొచ్చెయ్యొచ్చు. మీరు అనుమానమొచ్చినప్పుడే డబ్ల్యూ నొక్కండి, అనుమానం అక్కడితో తీరిపోతుంది. ఈఎఫ్‌ఐ పార్టిషన్ ఒకటి ముందునుంచే ఉంటుంది. విండోస్ లేచి నిలబడటానికి కావలసిన సరంజామా అందులోనే ఉంది కాబట్టి దాన్ని అలాగే వాడుకోవాలట. పాతది పాతదే. ఫార్మాట్ కొట్టి శుభ్రంగా మొదలెట్టండి.

‘ప్యాక్‌స్ట్రాప్’తో సరుకులు దించేటప్పుడు పొదుపు పాటించాలి. ‘బేస్’ అడిగితే కెర్నెల్ రాదు, ‘లినక్స్’ అని వేరే అడగాలి, ఫర్మ్‌వేర్ ఇంకా వేరే. ఎడిటర్ కూడా రాదు. అన్నిటికన్నా ముఖ్యం, నెట్‌వర్క్‌మేనేజర్‌ని పొరపాటున కూడా అడగొద్దు. పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్నంతసేపూ ‘ఐడబ్ల్యూసీటీఎల్’తో వైఫై బ్రహ్మాండంగా పనిచేస్తుంది, చూసి మురిసిపోండి. రీబూట్ చేశాక కొత్త ఇంట్లో వైఫై ఉండదు. వైఫై కావాలంటే ప్యాకేజీ దించాలి, ప్యాకేజీ దించాలంటే వైఫై కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెదరింగ్ పెట్టుకోవచ్చని ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోండి.

ఏ పార్టిషన్‌ను ఎక్కడ తగిలించాలో చెప్పే ‘ఎఫ్‌స్టాబ్’ ఫైలును ‘జెన్‌ఎఫ్‌స్టాబ్’ అనే ఆదేశం క్షణంలో రాసిపెడుతుంది. అది సోమరుల పద్ధతి. 36 అక్షరాల యూయూఐడీని తెర మీద చూస్తూ చేత్తో కొట్టండి. బీకీ ఎనిమిదికీ తేడా తెల్లారుజామున ఎలాగూ కనపడదు. కొత్త వ్యవస్థలోకి అడుగుపెట్టించే ‘ఆర్చ్-క్రూట్’ను కూడా దాటేస్తే టైమ్‌జోన్, పాస్‌వర్డ్ అన్నీ తాత్కాలికంగా మెమరీలో నడుస్తున్న వ్యవస్థకే అంటుకుని, రీబూట్‌తో గాల్లో కలిసిపోతాయి. పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద చుక్కలైనా రావు, అది అలాగే ఉంటుంది. మీరు కీబోర్డు చెడిపోయిందనుకుని ఒక్కో అక్షరం రెండేసిసార్లు గట్టిగా నొక్కండి.

భాషాభిమానం ఉన్నవాళ్లు లొకేల్ తెలుగు పెట్టుకోవాల్సిందే. తేదీ అడిగితే వారం, నెల పేర్లు అచ్చతెలుగులో ఇస్తుంది. కాకపోతే ఆ నల్లతెర మహా అయితే 512 గుర్తులు పట్టే ఫాంటుతో నడుస్తుంది, గుణింతాలూ ఒత్తులూ కలిపి రాయడం దానికి చేతకాదు. సోమవారం బదులు వరసగా డబ్బాలు. వాటిని చూసి గర్వపడండి.

ఇన్ని చేసినా విండోస్ బతికి బట్టకట్టిందనుకోండి, గడియారం ఇంకా మిగిలే ఉంది. బోర్డు మీది గడియారంలో లినక్స్ మామూలుగా యూటీసీ పెడుతుంది, విండోస్ దాన్నే స్థానిక సమయమనుకుని చదువుతుంది. మన దేశంలో ఆ తేడా ఐదున్నర గంటలు. పొద్దున తొమ్మిదికి తెర మీద మూడున్నర అని ఉంటుంది. ‘టైమ్‌డేట్‌సీటీఎల్’తో ఒక్క ముక్కలో సర్దొచ్చు గానీ మీరు నోరెత్తొద్దు. బ్యాటరీ పోయినట్టుందిరా అని నాన్నగారు ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని బయల్దేరతారు. రిపేరు షాపువాడూ బ్యాటరీయే అంటాడు, మార్చి డబ్బులు కూడా తీసుకుంటాడు.